రెండోసారి రాయని అంకె

మా బావ రాజలింగు చదివింది పదో తరగతి. రాసింది మాత్రం పందొమ్మిదేళ్ళలో ఐదువేల పేజీలకు పైనే, షిఫ్టుకొక పేజీ లెక్కన. అవన్నీ ఒక్కటి వదలకుండా చదివిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఆయన పెళ్ళాం, అంటే మా అక్క స్వరూప, ఒక్కటీ చదవలేదు. “గా బొగ్గు ముచ్చట్లు నాకెందుకే, దినాం బట్టలకు అంటుకొని వస్తనే ఉన్నయి గద” అనేది.

బావ బొగ్గుబాయిలో సర్దార్. గని అని మేం కాగితాల మీదే రాస్తాం, మా ఊళ్ళో అందరికీ అది బాయే. సర్దార్ ఒక్కో గ్యాలరీకి, అంటే లోపల బొగ్గు తవ్వే ఒక్కో సొరంగానికి, పోయి పైకప్పును కర్రతో తట్టి చూడాలి. గట్టి కప్పు కంగుమంటుంది, పగులు పట్టిన కప్పు డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికితే మనుషుల్ని బయటికి పంపి కప్పుకు ఆసరాగా కర్ర దిమ్మెలు పెట్టించాలి. షిఫ్టు దిగాక పైకొచ్చి, ఏ గ్యాలరీకి పోయాడో, అక్కడ ఏం చూశాడో వరుసగా తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. కప్పుకు తామంతట తామే బోల్టులు బిగించే యంత్రాలు వచ్చాయి, గాలిని వాసన చూసే పెట్టెలు వచ్చాయి, కానీ ఆ చేతిరాత పేజీని మాత్రం చట్టం వదల్లేదు.

“నా చేతికింద పనిచేసినోనికి గోరు ఊడలే” అని బావ ఎప్పుడైనా అనేవాడు. జీవితంలో ఆయన చెప్పుకున్న గొప్ప అదొక్కటే. నేను పోగొట్టింది కూడా అదే.

నేను పనిచేసే ల్యాబు బాయి గేటుకు ఎదురుగా, ఒక పాత గోదాములో ఉండేది. దాన్ని నడిపేది జహీర్ సార్. అరవై దాటిన మనిషి, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, కానీ కోపం వస్తే కూడా “అమ్మా” అనే పిలిచేవాడు. మా దగ్గర ఆరు బాయిల రిపోర్టు బుక్కులు నలభై ఏళ్ళవి ఉన్నాయి, నాలుగు లక్షల పేజీలు. ఆ నలభై ఏళ్ళలో ఎక్కడెక్కడ ఏ రోజున కప్పు కూలిందో ఆ జాబితా కూడా ఉంది. కూలే ముందు సర్దార్లు రాసిన పేజీల్లో ఏదైనా తేడా ఉందా, అదీ సార్ ప్రశ్న. “గుండెజబ్బు వచ్చేవాడికి తెలియకుండానే నడక మారుతుందమ్మా. రాత మారదంటావా?” అన్నాడు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు.

వెతకడానికి మేం వాడింది కొత్తదేం కాదు. కంప్యూటర్లు పుట్టిన కొత్తలోనే ఉన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు. ల్యాబులో వాటిని జల్లెడలు అనేవాళ్ళం. ఆ పేరు మా అక్క పెట్టింది. ఒక ఆదివారం పిండి జల్లిస్తూ నా ఉద్యోగం ఏమిటని అడిగింది. ఆమె చేతిలో జల్లెడ చూపించి, “ఇదే” అన్నాను.

“పిండి జల్లిస్తవా ఆఫీసుల?”

“రాతను జల్లిస్త. నీ జల్లెడకు రంధ్రాలున్నట్టు నా దానికి గుర్తులుంటయి. ఒక చుక్క పెట్టిననుకో, ఆ జాగల ఏ అక్షరమున్నా సరేనని. పక్కన నక్షత్రం పెట్టిన, అసొంటివి ఎన్నున్నా సరేనని. ఒక అంకెను పట్టుకొని, గదే అంకె కింద మళ్ళ ఎక్కడన్నా ఉన్నదా చూడుమని కూడ అడగొచ్చు. ఏం మాట దొరుకుతదో నాకు ముందు తెల్వదు. దాని ఆకారం తెలిస్తే చాలు.”

“మరి నూక ఎవరేరుతరు?” అంది అక్క. నవ్వాను కానీ అది మంచి ప్రశ్నే.

జహీర్ సార్ కనిపెట్టింది జల్లెడలను కాదు, తనంతట తానే జల్లెడలు అల్లుకునే యంత్రాన్ని. అది పిచ్చిపట్టినట్టు వేలకువేల జల్లెడలు అల్లేది. ప్రతిదాన్నీ నాలుగు లక్షల పేజీల మీద ఆడించేది. కప్పు కూలకముందు రాసిన పేజీలను కాస్తో కూస్తో పట్టిన వాటిని ఉంచుకుని, మిగతావి చించేసేది. ఉంచుకున్న వాటిని ఒకదానికొకటి ముడేసి మళ్ళీ అల్లేది. పదకొండు రోజులు అలా నడిచాక, ఒక మంగళవారం పొద్దున తెర మీద నా జానెడంత పొడుగున్న ఒకే ఒక్క జల్లెడ మిగిలింది. పదింటిలో ఎనిమిది ప్రమాదాలను అది మూడు షిఫ్టుల ముందే పట్టింది.

సార్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. “చదువమ్మా. ఏమంటోంది?”

ఒక్కో గుర్తూ విప్పుకుంటూ చదివాను. “ఒక గ్యాలరీ నంబరు. తర్వాత ఏమైనా సరే, ఎంతైనా సరే, కానీ మధ్యలో ఇంకో నంబరు ఉండాలి. తర్వాత మళ్ళీ మొదటి నంబరే. చివర్లో ‘భద్రం’ అనే మాట.”

అంతే. మాకు మొదట అర్థం కాలేదు. అది పట్టిన పేజీలు తీసి చూస్తే అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ళ కిందట ఎవరో సర్దార్ రాశాడు: “14 చూశాను, గట్టిగా ఉంది. 15, 16 చూశాను. మళ్ళీ 14 చూశాను. అంతా భద్రం.” మర్నాడు పద్నాలుగులో కప్పు పడింది. ఇంకొకాయన, ఇంకో బాయిలో, అచ్చం అలాగే. ఒకరినొకరు చూడని మనుషులు.

కప్పు డొల్లగా పలికి ఉంటే వాళ్ళు అలాగే రాసి పని ఆపించేవాళ్ళు. కప్పు బాగానే పలికింది. అయినా కాళ్ళు మళ్ళీ అక్కడికే పోయాయి. చెవికి అనుమానం వచ్చింది, చేతికి ఆధారం దొరకలేదు, అందుకని “భద్రం” అని రాసి ఇంటికి పోయారు. తర్వాత బావను మామూలుగా అడిగినట్టు అడిగితే ఆయనా అదే చెప్పాడు. “కప్పు పలుకుతది సారికా. ఒక్కోపారి ఏం పలికిందో మనకు సమజ్ కాదు. మనసుల కొంచెం కొడుతది. గట్ల కొట్టిందని పని ఆపితే నన్నే ఆపుతరు. కారణం రాయాలె గద.”

కారణం రాయలేని ఆ కాస్త భయానికి మా జల్లెడే రాసి చూపగల కారణమయింది. కంపెనీ ఒప్పుకుంది. ప్రతి షిఫ్టు అయ్యాక పేజీని స్కాన్ చేస్తారు, జల్లెడ ఆడుతుంది, చిక్కితే గంట మోగుతుంది, ఆ గ్యాలరీని మూడు షిఫ్టులు మూసేస్తారు. జహీర్ సార్ పెట్టిన షరతు ఒక్కటే, జల్లెడ ఏం వెతుకుతుందో సర్దార్లకు తెలియకూడదు. “ఫొటో తీస్తున్నారని తెలిస్తే మనిషి నవ్వు మారిపోతుందమ్మా” అని నాతో కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. మా బావ సర్దార్ అని ఆయనకు తెలుసు. తెలిసే నన్ను నమ్మాడు.

మొదటి ఆరు నెలల్లో నెలకు తొమ్మిదో పదో పేజీలు చిక్కేవి. బావ పేజీలు ఐదు చిక్కాయి. అందులో రెండు గ్యాలరీలు ఖాళీగా ఉండగానే కూలాయి. ఒకదాంట్లో అంతకుముందు రోజు పద్నాలుగు మంది పనిచేశారు. మిగతా మూడు కూలలేదు, మూసి ఉండగా దిమ్మెలు పెట్టారు కాబట్టి. కానీ కూలనిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పని ఆగిన సంగతే అందరికీ గుర్తుంది.

బాయిలో బావ మీద జోకులు మొదలయ్యాయి. “రాజలింగన్న కలం పట్టిండంటే బాయి బందే” అనేవాళ్ళట. మేనేజర్ పిలిచి, “ఏం చూశావు?” అని అడుగుతాడు. “ఏం చూడలే సార్.” “మరి నీ పేజీకే ఎందుకు మోగుతుంది?” బావకు జవాబు తెలియదు. తెలిసిన నేను గేటు ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నాను.

ఐదోసారి మోగిన వారం, ఆదివారం మధ్యాహ్నం, అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. బయట వాకిట్లో బావ కోడిని కోసి ఈకలు పీకుతున్నాడు.

“ఇంకొక్కపారి మోగితే సర్దార్ పని తీసేసి లాంప్ రూంల కూసోబెడ్తరట” అంది అక్క. లాంప్ రూం అంటే పైన, బాయిలోకి దిగేవాళ్ళ టోపీలకు దీపాలు ఇచ్చే గది. కాళ్ళు పోయినవాళ్ళకూ ఊపిరితిత్తులు పోయినవాళ్ళకూ ఇచ్చే పని. “మనిషి అన్నం సక్కగ తింటలేడే. రాసే ముంగట గంటసేపు పేజీ దిక్కు చూసుకుంట కూసుంటడట. నువ్వు గాడనే ఉన్నవు. నీకు ఎరుక లేదా ఏం రాస్తె మోగుతదో?”

“చెప్పొద్దక్కా. సంతకం పెట్టిన.”

“నీకు చదువు చెప్పిచ్చిందెవరే? నీ హాస్టలుకు నెలనెలా బియ్యం మోసిందెవరు?”

అది నిజం. అక్క ఆ మాట అంతకుముందు ఎన్నడూ అనలేదు, అదీ నిజమే. అప్పుడైనా నేను నోరు మూసుకోవలసింది. లేదా జహీర్ సార్ దగ్గరికి పోయి, పేజీ చిక్కిన సర్దార్‌ను పిలిచి నిలదీయడం ఆపించండి సార్, మనిషి నలిగిపోతున్నాడు అని అడగవలసింది. ఆయన వినేవాడు. ఆ సంగతి నాకప్పుడు తోచనే లేదు. వాకిట్లోకి పోయి బావ ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

“బావా, ఒక గ్యాలరీ నంబరు పేజీల ఒక్కసారే రాయి. రెండోసారి రాయకు.”

ఆయన ఈకలు పీకడం ఆపాడు. “గంతేనా?”

“గంతే.”

“మరి రెండోపారి పోయినంక రాయకపోతే ఎట్ల?”

“రాయకపోతే ఏమైతది బావా, కొంపలు మునుగుతయా?” అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఏదో ఆలోచిస్తూ మళ్ళీ కోడి మీదికి వంగాడు. ఆ రోజు కూర బాగా కుదిరింది, బావ రెండుసార్లు వడ్డించుకున్నాడు. అక్క నా వైపు చూసి కళ్ళతోనే దండం పెట్టింది.

అక్క నోట్లో నువ్వుగింజ నానదు. వారం తిరగకుండా ఇద్దరు సర్దార్ల పెళ్ళాలకు చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ. ఆ ఒట్లు ఎలా నిలబడ్డాయో చెప్పనక్కర్లేదు.

ఆ మాట అందరికీ పాకాక, ఏడు వారాలు జల్లెడ మోగలేదు.

జహీర్ సార్ సంతోషం చూడాలి. కొత్త బోల్టుల యంత్రాలు వచ్చాక కప్పులు కుదుటపడ్డాయని ఆయన లెక్క. ఏడో వారం ఆదివారం సెలవైనా అందరినీ పిలిచి ఇంటి నుంచి ఖుబానీ మీఠా తెచ్చి పంచాడు. నేనూ తిన్నాను. తింటూనే అనుమానం వచ్చింది. కప్పులు కుదుటపడితే పదికి బదులు రెండో మూడో చిక్కాలి. అసలు ఒక్కటీ లేకపోవడం ఏమిటి?

మర్నాడు, అంటే సోమవారం పొద్దున, ఇంకో జల్లెడ అల్లాను. ఇది చాలా చిన్నది. ఏదైనా ఒక గ్యాలరీ నంబరు ఒకే పేజీలో రెండుసార్లు వచ్చిందా, మధ్యలో ఏమున్నా సరే, చివర ఏమున్నా సరే. నలభై ఏళ్ళలో అలాంటివి నెలకు వందల్లో ఉన్నాయి. మనుషులు రాసేటప్పుడు ఒక అంకెను మామూలుగానే రెండుసార్లు వాడతారు. గత ఏడు వారాల పేజీల మీద ఆడించాను. తెర మీద సున్నా వచ్చింది. ఇప్పుడు నడుస్తున్న మూడు బాయిలు, నలభై మంది సర్దార్లు, పదహారు వందల చిల్లర పేజీలు, సున్నా.

యంత్రం ఆగిపోలేదు, నేను దాని నోరు నొక్కేశాను. అది ఆ క్షణంలోనే అర్థమైంది.

చెబుదామనే లేచాను. సార్ గదిలో ఢిల్లీ నుంచి వచ్చిన వాళ్ళెవరో ఉన్నారు, ఆయన మా జల్లెడ గురించి వాళ్ళకు చెప్పుకుంటూ మెరిసిపోతున్నాడు. వాళ్ళ ముందు ఎలా అనుకున్నాను. మంగళవారం ఆయన ఖాళీగానే ఉన్నాడు. నేనే గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాను. చెబితే నా ఉద్యోగం పోతుంది, అది సరే. అక్క పేరు వస్తుంది, బావ పేరు వస్తుంది. బుధవారం, జల్లెడను చెప్పకుండా మార్చేసే దారి ఏదైనా ఉందేమోనని వెతుకుతూ కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగకు కూడా అంతసేపు కూర్చునే ఓపిక ఉండదు.

గురువారం పొద్దున పదకొండు దాటాక, షిఫ్టు మారే సమయం కానప్పుడు, బాయి సైరన్ మోగింది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఆ సైరన్ ఏమిటో చెప్పక్కర్లేదు. గేటు దగ్గరికి పరుగెత్తేసరికి అక్క అప్పటికే అక్కడుంది, కాళ్ళకు చెప్పులు లేవు. “మీ బావ మొదటి షిఫ్టు” అని మాత్రం అంది.

ఇరవై ఏడో గ్యాలరీలో కప్పు కూలింది. బావ గంట తర్వాత తన కాళ్ళ మీద తానే నడిచి పైకొచ్చాడు, నెత్తి నుంచి పాదాల దాకా బూడిదరంగు దుమ్ముతో. అక్క వాటేసుకుంటే నెట్టేశాడు. “మొండయ్య లోపలున్నడు” అన్నాడు.

మొండయ్య దిమ్మెలు పెట్టే మనిషి. బావ కింద పన్నెండేళ్ళు పనిచేశాడు. మా ఇంట్లో ఏ పండగకైనా మొదటి విస్తరి ఆయనది. నేను మొండన్నా అని పిలిచేదాన్ని. ఆయన్ని బయటికి తీయడానికి నాలుగు గంటలు పట్టింది. ఆయన భార్య ఎల్లవ్వ గేటు పక్కన నేల మీద కూర్చుని ఉంది. స్ట్రెచర్ వచ్చినప్పుడు ఆమె లేవలేదు, ఎవరో ఇద్దరు రెక్కలు పట్టి లేపారు.

ల్యాబుకు పోయి బావ బుధవారం రాసిన పేజీ తీశాను. “24 చూశాను. 25 చూశాను. 27 చూశాను, గట్టిగా ఉంది. 29, 31 చూశాను. అంతా భద్రం.” ప్రతి అంకె ఒక్కసారే. నేను చెప్పినట్టే.

నాలుగో రోజు బావను అడిగాను. ఆయన వాకిట్లో మంచం మీద గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను ఆశపడింది ఒకటే, బుధవారం ఆయనకు ఏ అనుమానమూ రాలేదని అంటాడని. అంటే అది జల్లెడకు ఎలాగూ చిక్కేది కాదు. నా పాపం కొంచెం తేలికయ్యేది.

“వచ్చింది” అన్నాడు బావ, ఇటు తిరక్కుండానే. “ఇరవై ఏడు కాడ తట్టిన. కంగుమన్నది. ముప్పై ఒకటి దాక పోయిన. మనసు ఒప్పలే. మళ్ళ పోయి చూద్దామని ఎనుకకు మర్లిన. నాలుగు అడుగులేసి ఆగిన.”

“ఎందుకు ఆగినవ్ బావా?”

“పోతే రాయాలె. రాయొద్దంటివి.”

“పోయి చూసి, రాయకుంట ఊకుంటే అయిపోతుండె గద!”

అప్పుడు ఇటు తిరిగాడు. నా మీద కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది. “దొంగరాత నాకు రాదు సారికా. పందొమ్మిదేండ్లు పోయిందే రాసిన, రాసిందే పోయిన. పోయి రాయకపోతే గా కింద సంతకం ఎట్ల పెడుదు? అందుకని రెండోపారి పోవుడే బందువెట్టిన. గిన్ని వారాలు ఎక్కడ గూడ పోలే.”

నేను రాతను మార్చమన్నాననుకున్నాను. ఆయనకు రాత వేరు, నడక వేరు కాదు. ఐదువేల పేజీలు చదివి ఆ ఒక్క సంగతీ నేను తెలుసుకోలేదు. ఇంకా ఎంతమంది సర్దార్లు అలాగే వెనక్కి తిరిగి ఆగారో నాకు తెలియదు. అది ఏ జల్లెడా చెప్పదు.

విచారణ క్లబ్బు హాల్లో జరిగింది. అధికారి మొదట జహీర్ సార్‌ను అడిగాడు, జల్లెడ మోగిందా అని. మోగలేదు అన్నాడు సార్, తల దించుకుని. తర్వాత బావను అడిగాడు.

“తప్పు నాదే సార్” అన్నాడు బావ. “ఇంకోపారి చూడాల్సి ఉండె. చూడలే.”

“ఎందుకు చూడలేదు?”

“బద్దకమైంది సార్.”

హాల్లో గుసగుసలు లేచాయి. రాజలింగుకు బద్దకమట! మూడో వరుసలో కూర్చున్న నేను లేవలేదు. పక్కనే ఉన్న అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లేవమని పట్టుకుందో, లేవొద్దని పట్టుకుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బయటికొచ్చాక జహీర్ సార్ వేపచెట్టు కింద నన్ను ఆపాడు.

“అమ్మా, ఏడు వారాల పేజీలు మళ్ళీ చూశాను. ఒక్క అంకె కూడా రెండుసార్లు లేదు. ఎవరికైనా చెప్పావా?”

“లేదు సార్” అన్నాను.

ఆయన నా మొహంలోకి కొంచెంసేపు చూసి, “సరే అమ్మా” అని వెళ్ళిపోయాడు. నమ్మలేదని తెలుసు. ఎందుకు ఊరుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

బావ సర్దార్ సర్టిఫికెట్ రద్దయింది. లాంప్ రూంలో కూర్చోబెట్టారు. పొద్దున్నే వరుసగా వచ్చే మనుషులకు దీపాలు అందిస్తాడు, ఎవరి కళ్ళలోకీ చూడడు. బాయిలో మిగిలిన సర్దార్లు భయపడి, మొండయ్య పోయిన మర్నాటి నుంచే ప్రతి గ్యాలరీ నంబరూ రెండేసి సార్లు రాయడం మొదలుపెట్టారు. పోయినా రాశారు, పోకపోయినా రాశారు. జల్లెడ రోజంతా మోగేది. అన్నిటికీ మోగేదాన్ని ఎవరు వింటారు? మూడో వారం కంపెనీ దాన్ని ఆపించేసింది. నలభై ఏళ్ళు మనుషులు తమకు తెలియకుండా చెప్పుకున్న మాట ఒకటి ఉండేది. ఇక ఎవరూ దాన్ని వినలేరు.

మొండయ్య పోయిన నలభయ్యో రోజు మధ్యాహ్నం ఎల్లవ్వ ల్యాబుకు వచ్చింది. ఒక్కతే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. నేనూ ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాను.

“నీ మిషిని ముందుగాల చెప్తదట గద బిడ్డా” అంది. “మావోని సంగతి ఎందుకు చెప్పకపాయె? నాకు గదొక్కటే సమజైతలేదు. అందర్నీ అడిగిన. మిషినిది తప్పు లేదు, రాజలింగుదే తప్పంటున్నరు. ఆయన మొన్న మా ఇంటికి వచ్చిండు, నా కాళ్ళ మీద పడ్డడు. నేనే చంపిన వదినే అన్నడు. నాకు ఒళ్ళు తెల్వలే. వాకిట్ల దుమ్మెత్తి పోసిన ఆయన నెత్తిన. దులుపుకోకుంటనే పోయిండు.”

బావ ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఆ రోజు ఆయన దుమ్ముతో వచ్చాడని అక్క అంటే, బాయి దుమ్మే అనుకున్నాం. లాంప్ రూంలో దుమ్మెక్కడిది?

ఇక నా వల్ల కాలేదు. “ఆయన తప్పు కాదు వదినే” అన్నాను. “మిషిని చెప్పేది. ఏం రాస్తే మోగుతదో బావకు నేనే చెప్పిన. రాయొద్దన్న. గందుకే మోగలే.”

మొత్తం చెప్పాను. కోడి, పీట, అక్క, సర్దార్ల పెళ్ళాలు, అన్నీ. నేను ఆగాక ఎల్లవ్వ అడిగింది.

“గట్ల మోగుడు బందైందని నీకెప్పుడు ఎరుకైంది?”

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అధికారి అడగలేదు, సార్ అడగలేదు, బావ అడగలేదు. ఆమెకే తోచింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

“సోమవారం” అన్నాను. “ఆయన పోయిన వారంలనే. సోమవారం పొద్దుగాల.”

ఎల్లవ్వ కుడిచేతి బొటనవేలితో కణుపులు లెక్కపెట్టుకుంది. “సోమవారం. మంగళవారం. బుధవారం. బేస్తవారం.” ఆ వేళ్ళ వంకే చూస్తూ కూర్చుంది. “నాలుగొద్దులు నా చేతులతోని సద్ది కట్టి పంపిన బిడ్డా. బేస్తవారం సద్ది మూత తియ్యకుంటనే తిరిగొచ్చింది.”

గోడ పట్టుకుని లేచింది. తిడుతుందని చూశాను, ఏమీ అనలేదు. ల్యాబు ముందంతా దుమ్మే, గుప్పెడు తీసి నా నెత్తిన పోస్తుందనుకున్నాను, పోయలేదు. పోసి ఉంటే ఈ జన్మకు కొంత భారం దిగేది. చెంగు తల మీదికి లాక్కుని, గేటు దాటి, లాంప్ రూం వైపు నడిచింది. బావను చూడటానికే అయి ఉంటుంది.

నేను జహీర్ సార్ గదికి పోయాను. ఆయన కుర్చీ చూపించినా కూర్చోకుండా, కోడి కోసిన ఆదివారం నుంచి సైరన్ మోగిన బేస్తవారం దాకా మొత్తం చెప్పాను. చెప్పడం అయ్యాక గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు పట్టింది.